నీడ కనబడాలంటే జనాన్ని ఎలా కూర్చోబెట్టాలి: పానగల్లు వారసత్వ వేడుకలో సందర్శకుల ఏర్పాట్లపై కేస్ స్టడీ

పానగల్లులో మేము రెండు రోజుల వారసత్వ వేడుక జరిపాం. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలకుండా ఉండే నీడ చూద్దామని మొదటి రోజు వచ్చినవాళ్లలో చాలామంది ఆ నీడను చూడకుండానే వెళ్లిపోయారు. రెండో రోజు వచ్చినవాళ్లలో దాదాపు అందరూ చూశారు. గుడి అదే, ఎండ కూడా అదే. మారిందల్లా మేము జనాన్ని లోపలికి పంపిన తీరు, కూర్చోబెట్టిన తీరు. ఇలాంటి పని నెత్తినేసుకునే వేరేవాళ్లకు పనికొస్తుందని ఆ రెండు రోజుల సంగతి వివరంగా రాస్తున్నాను.

నేను నల్లగొండలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. చాలా ఏళ్లుగా ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతో పనిచేస్తున్నాను. వేడుకలో స్టేజీ, అతిథులు, ప్రచారం నా చేతిలో లేవు. వచ్చినవాళ్లు ఎక్కడ దిగాలి, ఎటు నడవాలి, ఏం చూడాలి, ఏం తాగాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నవి మాత్రం నా పూచీ. దీనికి మీటింగుల్లో పెట్టిన పేరు 'సందర్శకుల సేవలు'. మీటింగు చివర్లో ఐదు నిమిషాలు మిగిలితే మాట్లాడే విషయం అది.

స్థలం సంగతి

పానగల్లు నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. 11, 12 శతాబ్దాల్లో కందూరు చోడులకు ఇది రాజధాని. ఉదయసముద్రం చెరువు వాళ్ల నాటిదే. ఇప్పుడు అది నల్లగొండకు తాగునీళ్లిచ్చే రిజర్వాయరు. ఊళ్లో పచ్చల సోమేశ్వరాలయం, దాని పక్కన మ్యూజియం ఉన్నాయి. పచ్చల గుడి గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు, శివుడి రూపాలు వరసగా చెక్కి ఉంటాయి. ఛాయా సోమేశ్వరాలయం ఊరికి కాస్త అవతల పొలాల మధ్య ఉంటుంది. దానికో కోనేరు ఉంది.

ఛాయా సోమేశ్వరాలయం త్రికూటాలయం. మూడు గర్భగుడులు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. శివుడున్న గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా నిలబడి ఉంటుంది. సూర్యుడు తూర్పున ఉన్నా, పడమటికి వాలినా అది కదలదు. ఎండ నేరుగా గర్భగుడిలోకి రాదు. బయట నేల మీద, రాళ్ల మీద పడి చెదిరిన వెలుతురు మండపం తెరపుల్లోంచి లోపలికి వస్తుంది. దారిలో స్తంభాలు అడ్డం ఉంటాయి. ఆ అడ్డం వల్ల పడేదే ఆ నీడ. సూర్యుడు జరిగినా తెరపులు జరగవు, స్తంభాలు జరగవు, కాబట్టి నీడ కూడా జరగదు. తొమ్మిది వందల ఏళ్ల కింద ఆ రాళ్లు నిలబెట్టినవాళ్లు వెలుతురును ఎంత పట్టించుకున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ సంగతి నాకు వేడుకకు ముందే తెలుసు. పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. కానీ ఆ తెరపులకూ గోడకూ మధ్య మనుషులు నిలబడితే ఏమవుతుందన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

మొదటి రోజు

నవంబర్ 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవం. ఆ వారంలో వచ్చిన శని, ఆదివారాలు తీసుకున్నాం. ఎండ తీవ్రత ఉండదు, బడులకు కూడా వీలవుతుంది. కార్తీకమాసం కూడా నడుస్తోంది కాబట్టి దీపాలు పెట్టుకునే భక్తులు ఎలాగూ వస్తారు. ఇదంతా మంచిదే అనుకున్నాం.

పొద్దున పది దాకా బాగానే జరిగింది. పదిన్నరకు బడి బస్సులు మూడు ఒకేసారి వచ్చాయి. వెనకాలే హాలియా, మిర్యాలగూడ వైపు నుంచి కుటుంబాలు వచ్చాయి. గుడి చిన్నది, మండపం ఇంకా చిన్నది. లోపలికి పోయినవాళ్లు బయటికి రావడం లేదు, బయటున్నవాళ్లు ఆగడం లేదు. పదకొండున్నరకు మండపం కిక్కిరిసిపోయింది.

'మేడం, నీడ ఏది?' అని ఒక ఆరో తరగతి పిల్ల అడిగింది. లోపలికి చూశాను. గోడ అంతా ఒకే మసక. నీడ లేదు. చీకట్లో కనబడట్లేదేమో అనుకుని మా వాలంటీరు ఒకబ్బాయి ఫోన్ టార్చి వేశాడు. గోడ తెల్లగా మెరిసింది. ఉన్న కాస్త ఛాయ కూడా పోయింది. వాడిని చూసి ఇంకో పది ఫోన్లు లేచాయి. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు ప్రమిదలు వెలిగించి గడప దగ్గర పెట్టారు. వాళ్ల తప్పేం లేదు, కార్తీకమాసంలో శివుడి గుడికొచ్చి దీపం పెట్టకుండా ఎవరు పోతారు? కానీ గోడ మీద ఆ దీపాల వెలుతురు ఆడుతోంది.

ఒక పెద్దావిడ బయటికి వస్తూ నా చెయ్యి పట్టుకుని, 'రెండు బస్సులు మారి వచ్చినం బిడ్డా, గోడ చూసి పోతున్నం' అంది. కోపంగా కాదు, మెల్లగానే అంది. ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు.

ఇక మైకు సంగతి. స్టేజీ మీంచి ప్రతి పావుగంటకూ 'అద్భుతమైన నీడను తిలకించండి' అని ప్రకటిస్తున్నారు. ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఇంకో గుంపు గుడి వైపు కదులుతుంది. ఉన్న ఇబ్బందిని మేమే గంటకు నాలుగుసార్లు పెంచుతున్నాం.

సాయంత్రం తెలిసిన సంగతి

అందరూ వెళ్లాక అరుగు మీద కూలబడ్డాను. గుడి ముంగిట ఊడ్చే అవ్వ చీపురు పక్కన పెట్టి నా దగ్గరికొచ్చి కూర్చుంది. నా మొహం చూసి ఆమే అంది: 'ముగ్గురు నలుగురు వస్తే కనబడ్తది. గుంపు వస్తే పోతది. శివరాత్రి నాడు కూడా గంతే.'

ఎన్నో ఏళ్లుగా ఆమె కళ్లముందు జరుగుతున్న సంగతి ఇది. వేడుక కోసం నెల రోజుల్లో మేము పెట్టుకున్న మీటింగుల్లో ఒక్కదానికి కూడా ఆమెను పిలవలేదు. చరిత్ర చెప్పేవాళ్లను పిలిచాం, ఫోటోలు తీసేవాళ్లను పిలిచాం. రోజూ అక్కడే ఉండే మనిషిని అడగాలని మాకు తోచలేదు. ఈ మొత్తం పనిలో నా పెద్ద తప్పు ఇదే.

మర్నాడు తెల్లవారాక ఏడు గంటలకు ఆరుగురు పిల్లలతో వెళ్లాను. అయ్యగారు అభిషేకం ముగించుకుని మాతోపాటు నిలబడ్డారు. నీడ నిలువుగా, స్పష్టంగా ఉంది. ఒక్కొక్కళ్లను మండపంలో ఒక్కో చోట నిలబెట్టి చూశాం. కొన్ని చోట్ల నిలబడితే నీడ చెక్కుచెదరలేదు. కొన్ని చోట్ల నిలబడితే పలచబడింది. గర్భగుడి వాకిలికి ఎదురుగా ఇద్దరు నిలబడితే దాదాపు పోయింది. అదే ఇద్దరు కింద కూర్చుంటే మళ్లీ వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు. నేనూ కొట్టాను.

సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెడదామని ఒకడన్నాడు. పాత రాయి మీద సుద్ద కూడా వద్దన్నాను. గోనెపట్టాలు తెచ్చి రెండు పక్కలా గోడల వెంబడి పరిచాం. పట్టా ఉన్న చోటే కూర్చోవాలి, మధ్యన దారి ఖాళీగా ఉండాలి. ఒక బోర్డు కంటే ఒక పట్టా బాగా పనిచేస్తుందని ఆ రోజు చూశాను. పట్టా పరిచి ఉంటే ఎవరికీ చెప్పనక్కర్లేదు, వచ్చి దాని మీదే కూర్చుంటారు.

రెండో రోజు పద్ధతి

ఒక్కో జట్టుకు పదిహేను మంది. లోపల ఎనిమిది నిమిషాలు. లోపలికి పోయే ముందు కోనేటి గట్టు మీద మా పిల్ల ఒకతి మూడే మాటలు చెప్తుంది: ఫోన్ జేబులో పెట్టుకోండి, పట్టా మీద కూర్చోండి, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూడండి.

ఆ రెండు నిమిషాలు చాలా ముఖ్యం. బయటి ఎండలోంచి లోపలికి వచ్చిన కంటికి మసక వెలుతురు అలవాటు పడాలి. మొదటి రోజు ఎవరికీ ఆ సమయం దొరకలేదు. గుడిలోకి వచ్చీరాగానే వెనకవాళ్లు తోస్తుంటే కళ్లు సర్దుకునేలోపే బయటికొచ్చేశారు. రెండో రోజు మొదటి జట్టు కూర్చున్నాక నేను గుమ్మం పక్కన నిలబడి వాళ్ల ముఖాలే చూశాను. ముందు ఏమీ లేదు. కాసేపటికి ఒకాయన చెయ్యెత్తి గోడ వైపు చూపించాడు. తర్వాత ఇంకొకరు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే వరసగా కనిపించింది వాళ్లకు. ఆ తర్వాతే మా అబ్బాయి వెలుతురు దారి గురించి వివరించాడు. ముందు చెప్పి తర్వాత చూపిస్తే జనం చెప్పినదాన్ని వెతుక్కుంటారు. ముందు చూసి తర్వాత వింటే ప్రశ్నలు వాళ్లే వేస్తారు. 'మబ్బు పట్టిన రోజు?' అని అడిగింది ఒక చిన్నపిల్ల. పలచబడుతుంది. 'రాత్రి పూట?' అని అడిగాడు ఇంకొకడు. వెలుతురు లేనిదే నీడ ఉండదు కదా అని వాళ్లమ్మే చెప్పింది.

దీపాల విషయంలో నాకు చాలా టెన్షన్ అనిపించింది. భక్తులకు అడ్డుపడే హక్కు మాకు లేదు. ఆ గుడి ముందుగా వాళ్లది, తర్వాతే మాది. అయ్యగారిని అడిగితే ఆయనే దారి చూపించారు. పొద్దున తొమ్మిది దాకా లోపల పూజలు, దీపాలు యథాప్రకారం. ఆ తర్వాత వచ్చేవాళ్లు కోనేటి మెట్ల మీద, ధ్వజస్తంభం దగ్గర దీపాలు పెట్టుకుంటారు, హారతి మాత్రం లోపల ఆయనే ఇస్తారు. ఈ మాట మేము చెప్తే జనం ఒప్పుకోరు, ఆయన చెప్తే ఒప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం మనసు కష్టపెట్టుకున్నారు. ఒకావిడ ప్రమిద వెలిగించకుండానే తీసుకుని వెళ్లిపోయింది. ఆమెను ఆపి మాట్లాడే తీరిక ఆ సమయంలో నాకు దొరకలేదు. దొరికించుకోవాల్సింది.

మైకును పచ్చల గుడి వైపే ఉంచమని స్టేజీవాళ్లను బతిమాలుకున్నాను. పెద్ద తెర, పెద్ద సౌండు పెడితేనే వేడుక అనుకునే ఒక దాతతో వాదన కూడా జరిగింది. చివరికి మధ్యాహ్నం దాకా మైకు తగ్గించారు.

ఎదురుచూసే చోట ఏం చేయించాలి

జట్లుగా పంపితే మిగతావాళ్లు ఆగాలి. నలభై నిమిషాలు ఊరికే నిలబెడితే తగాదాలే. కాబట్టి స్టేజీ పక్కన పెట్టిన స్టాళ్లలో మూడింటిని ఎత్తుకొచ్చి కోనేటి గట్టు మీద వేపచెట్టు నీడలో పెట్టాం. మొదటి రోజు అవే స్టాళ్ల దగ్గర ఈగలు తోలుకున్నారు. రెండో రోజు ఊపిరాడలేదు.

అన్నిటికంటే బాగా నడిచింది 'మీ పేరు పాత లిపిలో'. శాసనాలు చదివే ఒక రిటైర్డు తెలుగు మాస్టారు, చుట్టూ నలుగురు పిల్లలు, చేతిలో స్కెచ్ పెన్నులు, అట్టముక్కలు. చోడుల కాలం నాటి అక్షరాల్లో వచ్చినవాళ్ల పేరు రాసిస్తారు. అప్పటికి తెలుగు, కన్నడ లిపులు ఇంకా విడిపోలేదు. తలకట్టు ఇప్పటిలా టిక్కు మార్కులా ఉండదు, అడ్డగీతలా ఉంటుంది, కన్నడంలో ఇవాళ్టికీ అలాగే ఉంది. తన పేరు అట్ట మీద చూసుకున్నవాడు ఆ తర్వాత శాసనం రాయి దగ్గరికి పోయి తన పేరులోని అక్షరం వెతుకుతాడు. అంతకుముందు ఆ రాతి దగ్గర ఎవరూ ఆగింది లేదు. ఒక ఆటో డ్రైవరు తన కూతురి పేరు రాయించుకుని ఆటో అద్దం మీద అంటించుకున్నాడు.

రెండోది శాసనం నకలు తీయడం. అసలు శాసనాలకు సిరా తగలనివ్వకూడదు, ఆ పని అనుమతి ఉన్నవాళ్లది. అందుకని రాళ్లు చెక్కే ఆయనతో కొత్త బండ మీద నాలుగు వరసలు చెక్కించాం. తడి కాగితం బండకు అతికించి, బ్రష్షుతో కొట్టి, సిరా మూటతో అద్దితే కాగితమంతా నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. పిల్లలు చేతులు, చొక్కాలు నల్లగా చేసుకున్నారు. తుడుచుకునే గుడ్డలు, ఒక బకెట్టు నీళ్లు పెట్టాలని మొదట గుర్తురాలేదు. అవి లేక ఒక పిల్లాడు చేతులు కోనేట్లో కడగబోతే ఆపాల్సి వచ్చింది.

మూడోది ఆసు. పుట్టపాక నుంచి ఒక చేనేత జంట వచ్చారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన సంగతి చాలామందికి తెలుసు, కానీ మగ్గం ఎక్కక ముందు నూలుకు ఎంత పని ఉంటుందో తెలియదు. కొయ్య మేకుల చుట్టూ దారం అటూ ఇటూ తిప్పే పని ఆసు. చేత్తో పోస్తే ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది, ఆయనది ఈ ప్రాంతమే. స్టాలు దగ్గర మేము వచ్చినవాళ్లను వంద సార్లు తిప్పమన్నాం. ముప్పై దాటేసరికే చాలామంది భుజం పట్టుకున్నారు. తర్వాత చీర ధర అడిగినవాళ్లు బేరం ఆడకపోవడం నేను చూశాను. ఆ దంపతులకు స్టాలు ఇచ్చాం కదా, అమ్ముకుంటారులే అని వదిలేయకుండా రోజు కూలీ లెక్కన కూడా ఇవ్వాలని ముందే పట్టుబట్టాను. చూపించినంత సేపు వాళ్ల పని ఆగుతుంది మరి.

పురాణ కథలు ఆడే చిందు భాగవతుల వేషం సంగతి కూడా చెప్పాలి. ప్రదర్శన సాయంత్రం. కానీ మధ్యాహ్నం నుంచే డేరాలో వేషాలు కట్టుకుంటారు. తేలిక కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు, అద్దాల తళుకులు, ముఖానికి రంగులు. ఇది కూడా చూపిస్తే బాగుంటుందనిపించింది. దళం పెద్దాయనను అడిగితే కొంచెంసేపు ఆలోచించి, 'మొగం రంగు అయినంక రానియ్యిండ్రి. అంతకుముందు వద్దు. కిరీటం పెట్టేటప్పుడు మేం దండం పెట్టుకుంటం, అప్పుడు ఫోటో తియ్యొద్దు' అన్నారు. అలాగే తాడు కట్టాం, అలాగే చెప్పాం. ఒక్కరు కూడా ఆ సమయంలో ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం ప్రదర్శనలో ముందు వరసలన్నీ మధ్యాహ్నం డేరా దగ్గర నిలబడ్డవాళ్లతోనే నిండాయి.

రోడ్డు మీద వడ్లు

నవంబర్ అంటే మా దగ్గర వరికోతలు. ఊరి నుంచి ఛాయా గుడికి పోయే రోడ్డు మీద రైతులు వడ్లు ఆరబోసుకుంటారు. మేము అదే రోడ్డు పక్కన పార్కింగ్ అని మ్యాపులో గీసి, పాంప్లెట్లలో అచ్చు కూడా వేశాం. శనివారం పొద్దున ఒక బస్సు వడ్ల అంచు మీదుగా పోయింది. రైతు బస్సుకు అడ్డం నిలబడ్డాడు. ఆయన కేకలకు నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఆరు నెలల కష్టం టైర్ల కింద పడితే ఎవరైనా కేకలు వేస్తారు. క్షమించమని అడిగి, పిల్లలందరం కలిసి చెదిరిన వడ్లు ఎత్తి కుప్ప చేసి ఇచ్చాం.

ఆదివారం బండ్లన్నీ ఊరి మొదట్లోనే ఒక ఖాళీ జాగాలో ఆపించాం. అక్కడి నుంచి నడక. నడవలేనివాళ్లకు ఊరి ఆటోలు, మనిషికి పది రూపాయలు, రాసిపెట్టిన రేటు. ఆటోవాళ్లు ఆరుగురిని ముందు రోజు రాత్రి ఫోన్ చేసి పిలిపించుకుని, వాళ్లను కూడా నీడ చూడటానికి పొద్దున ఏడింటికే రమ్మన్నాం. అదే ఊళ్లో పుట్టి పెరిగిన ఒకాయన నీడను అంత సావకాశంగా ఎప్పుడూ చూడలేదన్నాడు. ఆ రోజంతా ప్రతి ట్రిప్పులో ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు కానీ, ఆయన ఆటో దిగినవాళ్లు ఫోన్లు ముందే జేబుల్లో పెట్టుకుని వచ్చారు.

నడిచే దారిలో వడ్ల పక్కనుంచి పోతూ పట్నం పిల్లలు గింజలు చేతిలోకి తీసుకుని చూశారు. ఒక రైతమ్మ వాళ్లకు వడ్లు కాలితో తిప్పడం నేర్పించింది. అది మా కార్యక్రమాల పట్టికలో లేదు.

టాయిలెట్లు, నీళ్లు, చెప్పులు

వీటి గురించి ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను. మొబైల్ టాయిలెట్లు అద్దెకు తెచ్చాం. చూడటానికి బాగుండదని ఎవరో వాటిని చెట్ల వెనక దూరంగా పెట్టించారు. మొదటి రోజు మగవాళ్లు వెళ్లారు, ఆడవాళ్లు వెళ్లలేదు. కారణం కనుక్కోవడానికి మా అమ్మాయిలను పంపాను. మెట్టు మరీ ఎత్తు, చీర కట్టుకున్నవాళ్లు ఎక్కలేరు. ఒకదానికి లోపలి గడియ లేదు. మగ్గు లేదు. దారి అంతా మగవాళ్లు నిలబడి ఉన్నారు. పొద్దున ఇంటి దగ్గర నీళ్లు తాగకుండా బయల్దేరి, సాయంత్రం దాకా అలాగే ఉగ్గబట్టుకుని తిరిగే ఆడవాళ్లు మన ప్రతి జాతరలో, ప్రతి వేడుకలో ఉంటారు. వాళ్లు ఫిర్యాదు చేయరు, తొందరగా ఇంటికి పోతారు, అంతే. మర్నాడు ఇటుకలు పేర్చి ఇంకో మెట్టు కట్టించాం, గడియలు వేయించాం, మగవాళ్లవి వేరే దిక్కుకు మార్పించాం, ఒక అమ్మాయిని కుర్చీ వేసి కూర్చోబెట్టాం. దానికి పక్కనే పసిపిల్లలకు పాలిచ్చే తల్లుల కోసం చీరలతో ఒక చిన్న డేరా కట్టాం. మధ్యాహ్నం నాలుగు దాటినా ఆడవాళ్లు ఉన్నారంటే ఇదే కారణమని నా నమ్మకం.

నీళ్ల విషయంలో నల్లగొండవాళ్లకు ఒక భయం ఉంటుంది, ఉండాల్సిందే. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో దాటిన ఊళ్లు ఎన్నో. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పిలుస్తుంది. మా జిల్లాకు ఆ పేరు ఎంత బాధ పడితే వచ్చిందో వంకర కాళ్ల పిల్లలను చూసినవాళ్లకు తెలుసు. అందుకని దగ్గర్లో బోరు ఉన్నా ఆ నీళ్లు వద్దని కృష్ణా నీళ్లే తెప్పించి కుండల్లో పోయించాం. కుండ మీద 'కృష్ణా నీళ్లు' అని సున్నంతో రాశాం. అది చదివాకే తాగిన పెద్దవాళ్లను చూశాను.

చెప్పులకు టోకెన్లు మొదటి రోజే బాగా నడిచాయి. కొబ్బరిపీచు పట్టాలు దారి పొడవునా వేశాం. తిండి దగ్గర మహిళా సంఘంవాళ్ల తప్పాల చెక్కలు రెండు రోజులూ ఒంటిగంటకల్లా అయిపోయాయి.

వెళ్లేటప్పుడు అడిగిన ఒకే ప్రశ్న

ఫీడ్‌బ్యాక్ ఫారాలు వద్దనుకున్నాం. గేటు దగ్గర ఇద్దరు పిల్లలు నోటుబుక్కులు పట్టుకుని 'ఇంటికి పోయి ఏం చెప్తారు?' అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాశారు. మొదటి రోజు పుస్తకంలో తప్పాల చెక్కలు, జనం, దుమ్ము, కోలాటం ఉన్నాయి. 'ఏమీ కనబడలే' అన్న మాట చాలా పేజీల్లో ఉంది. రెండో రోజు పుస్తకం వేరే. 'మా ఆయన్ని తీసుకొని మళ్లీ వస్త' అని ఒకరు. 'నీడను చూస్తుంటే నిద్ర వచ్చినట్టు హాయిగుంది' అని ఒకరు. 'నా పేరులో మ రాయి మీద కూడా ఉంది' అని ఒక పిల్లాడు. ఈ రెండు పుస్తకాలనూ వచ్చేసారి పెట్టే మొదటి మీటింగులో బల్ల మీద పెడతాను. ఆ మీటింగుకు ఊడ్చే అవ్వ, అయ్యగారు, ఆటోవాళ్లు, ఆ రోడ్డు రైతు కూడా రావాలి. తేదీ వాళ్ల కోతలు చూసి పెట్టుకోవాలి.

చెయ్యలేకపోయింది

మొదటి రోజు మధ్యాహ్నం చక్రాల కుర్చీలో ఒకాయన వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. కుర్చీ గుడి మెట్ల దాకా వచ్చింది, అక్కడితో ఆగింది. పాత మెట్లకు ర్యాంపు మేకులతో కొట్టలేం. మా కుర్రాళ్లు నలుగురు ఎత్తుకుని తీసుకెళ్తామన్నారు. ఆయన వద్దన్నారు. 'నన్ను మూటలాగ మోస్తే నాకు ఇష్టం ఉండదు సార్' అని మా అబ్బాయితో అన్నారట. ఫోన్‌లో ఫోటో చూపించాడు వాడు. ఆయన చూసి, 'ఇది ఇంట్లో కూర్చొని కూడా చూడొచ్చు కదా' అన్నారు. నేను వచ్చేసరికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి మా ఫిజిక్స్ పిల్లలు చెప్పుల డబ్బా కత్తిరించి రెండు పక్కల తెరపులు పెట్టి, పెన్సిళ్లు స్తంభాల్లా నిలబెట్టి, చుట్టూ తెల్ల కాగితం పరిచారు. బయట టార్చిని అటూ ఇటూ జరిపినా డబ్బా లోపలి గోడ మీద నీడ కదల్లేదు. ఆదివారం దాన్ని చెట్టు కింద, కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో బల్ల మీద పెట్టాం. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు చాలామంది చూశారు. ఆయన మాత్రం రెండో రోజు రాలేదు.

మెట్ల మీద మోపకుండా పక్కన నిలబడే, ఎత్తి తీసేయగల చెక్క ర్యాంపు ఒకటి చేయించాలని వడ్రంగితో మాట్లాడాను. కొలతలు తీసుకున్నాడు. చక్రాల కుర్చీలో వచ్చినాయన ఊరి పేరు, ఫోన్ నంబరు మొదటి రోజు రిజిస్టరులో ఉన్నాయి. ర్యాంపు తయారైన రోజు, వేడుక కోసం ఆగకుండా, ఆయనకు ఫోన్ చేసి పొద్దున ఏడింటికి రమ్మంటాను. ఆ సమయానికి మండపంలో ఎవరూ ఉండరు.